‘చెట్లకింద’ అన్న మాట నిఘంటువులో ఎందుకు దొరకదు?

(తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం విద్యార్థులు, తెలుగు అధ్యాపకులు, కంప్యూటరు పని తెలిసినవారు కలిసి కూర్చున్నప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం ఇది.)

పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. నేను నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, కంప్యూటరు నా వృత్తి కాదు. అయినా ఈరోజు మీ ముందు ఒక బ్రౌజరు గురించీ, ఆ బ్రౌజరులో చదువుతూ చదువుతూ మాట దగ్గర ఆగి అర్థం వెతుక్కునే ఏర్పాటు గురించీ మాట్లాడబోతున్నాను. దానికి కారణం ఒక విద్యార్థి. అతనికి చూపు లేదు. బొమ్మలూ ప్రకటనలూ లేకుండా అక్షరాలను మాత్రమే చూపించే టెక్స్ట్ బ్రౌజరులో పుటను తెరిచి, ఈస్పీక్ అనే, రాసినదాన్ని పైకి చదివి వినిపించే ఉచిత ప్రోగ్రాము చేత చదివించుకుని వినేవాడు. ఈస్పీక్‌కు తెలుగు చదవడం వచ్చు. ఒకరోజు నన్ను అడిగాడు: “సార్, ఇంగ్లీషు మాట తెలియకపోతే ఒక మీట నొక్కితే అర్థం వస్తోంది. తెలుగు మాటకు ఎందుకు రాదు?” ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. వెతుక్కుంటూ పోగా తెలిసింది ఏమిటంటే, లోపం బ్రౌజరులో లేదు, నిఘంటువులోనూ లేదు. ఆ రెండింటి మధ్య నిలబడి మాట అందించవలసినవాడికి మన వ్యాకరణం తెలియదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఆ మధ్యవాడికి మన వ్యాకరణం నేర్పాలి.

ముందు బ్రౌజరు సంగతి చూద్దాం. టెక్స్ట్ బ్రౌజర్లలో అందరికీ తెలిసినది లింక్స్. ఎల్, వై, ఎన్, ఎక్స్ అక్షరాలతో రాసే ఈ లింక్స్ 1992లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, ఇప్పటికీ దాన్ని సరిచూస్తూనే ఉన్నారు. కానీ మన పనికి అందులో ఒక చిక్కు ఉంది. అందులో కర్సరు ఒక లింకు నుంచి ఇంకొక లింకుకు దూకుతుందే గాని, వాక్యం మధ్యలో మనకు కావలసిన మాట మీద నిలబడదు. మాట మీద నిలబడలేనివాడు ఆ మాటకు అర్థం ఎలా అడుగుతాడు? ఈలింక్స్ అనే మరొక బ్రౌజరులో చిరునామా పెట్టెలో ఒక చిన్న సంకేతాక్షరం, దాని పక్కన మాట టైపు చేసి, మనం ముందే చెప్పి ఉంచిన నిఘంటువు పుటకు వెళ్ళే వీలుంది. అది మంచిదే గాని, ప్రతిసారీ మాటను మనమే టైపు చేయాలి.

నేను ఎంచుకున్నది డబ్ల్యూ3ఎం. ఇది జపాను నుంచి వచ్చింది, దాన్ని మొదలుపెట్టినవారు అకినోరి ఇతో. వెబ్బును చూడు అనే అర్థం వచ్చే జపాను మాటల పొడి అక్షరాలే దాని పేరు. ఇందులో కర్సరు ఎక్కడికైనా వెళ్తుంది, పుటలో ఏ వరుసలోనైనా ఏ మాట మీదనైనా నిలబడుతుంది. అంతకంటే ముఖ్యమైనది, నిఘంటువును అడిగే ఏర్పాటు దాని కడుపులోనే ఉంది. ఎస్కేప్ మీట నొక్కి చిన్న డబ్ల్యూ నొక్కితే, ఏ మాట కావాలి అని అడుగుతుంది, టైపు చేయాలి. ఎస్కేప్ నొక్కి పెద్ద డబ్ల్యూ నొక్కితే, కర్సరు ఉన్న చోటి మాటనే తీసుకుంటుంది. అర్థం కొత్త పుటగా తెరుచుకుంటుంది. చదువుకున్న తర్వాత పెద్ద బి నొక్కితే మళ్ళీ పాత వాక్యం దగ్గరికే వస్తాం.

అయితే ఇది దానంతట అది పనిచేయదు, మనం రెండు విషయాలు చెప్పాలి. చిన్న ఓ నొక్కితే అమరికల పుట వస్తుంది. అందులో నిఘంటువు వెతుకులాటను అనుమతించాలా అనే చోట అవునని పెట్టాలి. నిఘంటువు ఆదేశం చిరునామా ఏది అనే చోట మన స్క్రిప్టు, అంటే మాటను అందుకుని నిఘంటువును అడిగి జవాబు తెచ్చే చిన్న ప్రోగ్రాము, ఉన్న చోటు రాయాలి. హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే డబ్ల్యూ3ఎం ఫోల్డరు ఒకటి ఉంటుంది. దానిలో సీజీఐ-బిన్ అనే ఫోల్డరు చేసి స్క్రిప్టును అక్కడ ఉంచండి. ఎక్కడ పడితే అక్కడ ఉంచితే బ్రౌజరు దాన్ని నడపదు, ఒట్టి పాఠంగా చూపించి ఊరుకుంటుంది. అది మన రక్షణ కోసం పెట్టిన కట్టుబాటే. స్క్రిప్టుకు నడిచే అనుమతి ఇవ్వడం మరవకండి. ఇక స్క్రిప్టు ఇచ్చే జవాబులో మొదటి వరుస, ఇది సాదా పాఠం, యూటీఎఫ్-8 అనే అక్షర సంకేతాల పద్ధతిలో ఉంది అని చెప్పే కంటెంట్ టైప్ వరుస కావాలి. దాని తర్వాత ఒక ఖాళీ వరుస ఉండాలి. ఆ ఖాళీ వరుస వదిలేసి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి.

ఇప్పుడు నిఘంటువు. మాట అందుకుని వెతికిపెట్టేవాడు ఒకడు కావాలి గదా? దీనికి రెండు దారులున్నాయి. ఒకటి స్టార్‌డిక్ట్ అనే ప్రోగ్రాము రూపంలో ఉన్న నిఘంటువు ఫైళ్ళను టెర్మినల్లోనే, అంటే ఆదేశాలు టైపు చేసే తెర మీదే, చదివే ఎస్‌డీసీవీ. దీనికి సర్వరు అక్కరలేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు, ఒంటరిగా చదువుకునేవారికి ఇదే సుఖం. రెండోది డిక్ట్ అనే పద్ధతి. 1997లో దీన్ని ఇంటర్నెట్టు సమాచార పత్రంగా ప్రకటించారు, ఆర్‌ఎఫ్‌సీ 2229 అంటారు. ఒక యంత్రం మీద డిక్ట్‌డీ అనే సర్వరు 2628 పోర్టు దగ్గర కూర్చుని ఉంటుంది, అడిగినవారికల్లా అర్థం చెబుతుంది. ఒక హాస్టల్లోనో, కాలేజీ ల్యాబులోనో ఒక్క యంత్రంలో నిఘంటువులు పెడితే ముప్పై మంది వాడుకోవచ్చు. మన తిరుపతిలో ఎన్ని హాస్టళ్ళున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

తెలుగు నిఘంటువులకు కొదవ ఉందా? లేదు. సి.పి. బ్రౌన్ కడపలో ఉండగా మొదలైన ఆసక్తి ఆయన నిఘంటువులుగా 1852లో మద్రాసులో అచ్చయింది. వాటిలో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 నాటి రెండో కూర్పును చికాగో విశ్వవిద్యాలయంవారు దక్షిణాసియా నిఘంటువుల సేకరణలో భాగంగా వెబ్బులో పెట్టారు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. పాతవాటి కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి. కనుక నిఘంటువు ఉంది, బ్రౌజరు ఉంది, మధ్యలో స్క్రిప్టు ఉంది. మరి ఆ కుర్రవాడికి అర్థం ఎందుకు రాలేదు?

అతను ఆగిన మాట ఏమిటో చెబుతాను. ‘చెట్లకింద’. ఏ నిఘంటువులోనైనా చెట్లకింద అని ఆరోపం, అంటే అర్థం ఇవ్వడానికి ఎత్తుకున్న మాట, ఉంటుందా? ఉండదు. చెట్టు అని ఉంటుంది. చెట్లకింద నుంచి చెట్టు దగ్గరికి రావాలంటే మూడు మెట్లు దిగాలి. కింద అన్న మాటను తీసివేయాలి, చెట్ల మిగులుతుంది. అది చెట్లు అన్న బహువచనపు రూపమని గుర్తించాలి. చెట్లుకు ఏకవచనం చెట్టు అని తెలుసుకోవాలి. మీరూ నేనూ ఈ మూడు మెట్లూ రెప్పపాటులో దిగుతాం, దిగుతున్నామని కూడా మనకు తెలియదు. యంత్రానికి ఎవరు చెప్పాలి? ఇంగ్లీషులో ఈ బాధ తక్కువ. చాలా మాటలు నిఘంటువులో ఉన్నట్టే వాక్యంలోనూ ఉంటాయి, చివర ఒక ఎస్ తీసేస్తే సరిపోతుంది. ఆ భాష కోసం చేసిన ఏర్పాటును తెచ్చి తెలుగు ముందు పెట్టి, తెలుగు పనిచేయడం లేదంటే ఎలా?

డిక్ట్ పద్ధతిలో ముందుభాగం వెతుకులాట అని ఒకటుంది కదా, అది చాలదా అని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. కానీ అది మనకు కావలసిన దిశలో పోదు. ‘చెట్టు’ అని అడిగితే చెట్టుతో మొదలయ్యే ఆరోపాలన్నీ ఇస్తుంది. మనకు కావలసింది తలకిందులు. మన దగ్గరున్న పొడుగు మాటకు మొదట్లో ఏ ఆరోపం దాగి ఉందో తెలియాలి. అందుకే మాటను చివర నుంచి కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతి మెట్టు దగ్గరా నిఘంటువును అడుగుతూ రావాలి.

ఇక్కడ అక్షరం గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మొదటి పొరపాటు అందరూ ఇక్కడే చేస్తారు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, యూటీఎఫ్-8లో ఒక్కొక్క స్థానం 3 బైట్లు తీసుకుంటుంది. చెట్టు అన్న మాట మన కంటికి రెండక్షరాలు. యంత్రానికి చ, ఎత్వం, ట, పొల్లు, ట, కొమ్ము అని ఆరు సంకేతాలు, 18 బైట్లు. బ్రౌజరు ఈ బైట్లను ఒక్కొక్కటిగా శాతం గుర్తు పెట్టి స్క్రిప్టుకు పంపుతుంది. స్క్రిప్టు వాటిని తిరిగి అక్షరాలుగా మార్చుకోవాలి. ఆ తర్వాత బైట్ల లెక్కన తగ్గించారా, అక్షరం నడుమ విరిగి చెత్త మిగులుతుంది. సంకేతాల లెక్కన తగ్గిస్తే చెట్ట అనీ, పొల్లుతో చెట్ అనీ వస్తుంది. అది పరవాలేదు, పైగా ఉపయోగపడుతుంది. ఎలాగో ఇప్పుడు చెబుతాను. టెర్మినలులో భాషా అమరిక యూటీఎఫ్-8 గా ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. స్క్రిప్టు తనకు అందిన మాటను జవాబు మొదటి వరుసలోనే చూపించేటట్టు రాయండి. ఏమి అందిందో కళ్ళారా చూస్తే సగం తప్పులు అక్కడే పట్టుబడతాయి.

కంటికి కనబడని శత్రువు ఇంకొకటి ఉంది. ‘కంప్యూటర్‌లో’ అని రాసేటప్పుడు ర కింద ల వత్తుగా పడకుండా మధ్యలో ఒక కనబడని సంకేతం పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కంటికి కనబడదు, కానీ పోలికను చెడగొడుతుంది. రెండు మాటలు అచ్చం ఒకేలా ఉన్నా యంత్రం వేరు వేరంటుంది. వెతకడానికి ముందే దాన్ని ఏరివేయాలి.

ఇక వ్యాకరణం దగ్గరికి వద్దాం. ఈ భాగం కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే తెలుగు చదువుకున్న మీరు చేయవలసిన పని ఇదే, కంప్యూటరు చదివినవారు ఒంటరిగా చేయలేని పని ఇదే. మొదట విభక్తులు. లోకి, లోంచి, నుంచి, తో, కి, కు, ని, ను, లో, మీద, కింద. వీటి పట్టిక చేసి, పొడుగువాటిని ముందు, పొట్టివాటిని తర్వాత ప్రయత్నించాలి. ఇంట్లోకి అన్న మాట నుంచి లోకి తీస్తే ఏమి మిగులుతుంది? ఇంట్ మిగులుతుంది. నిఘంటువులో ఉన్నది ఇల్లు. ఎంత కత్తిరించినా ఇంట్ నుంచి ఇల్లు రాదు. ఇది కత్తిరింపుతో తీరే పని కాదు. చిన్నయసూరిగారు 1858 నాటి బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణాలను, అంటే విభక్తి చేరే ముందు మాట చివర వచ్చేవాటిని, ఔపవిభక్తికాలన్నారు. మనం బడిలో బట్టీ పట్టిన సూత్రమే. ఇల్లు ఇంటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, నోరు నోటి అవుతుంది, చేయి చేతి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. ఇటువంటివాటికి చిన్న పట్టిక ఒకటి రాసుకోవాలి. పట్టిక రాయడానికి ప్రోగ్రామింగు రానక్కరలేదు. ఎడమ పక్క ఇంటి, కుడి పక్క ఇల్లు, అంతే. నూటయాభై సంవత్సరాలు దాటిన సూత్రం ఈరోజు ఒక చూపులేని పిల్లవాడికి అర్థం చూపిస్తుందంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

తర్వాత బహువచనాలు. గుర్రాలు అన్న మాట చివర ఆలు తీసి ము చేరిస్తే గుర్రము వస్తుంది. మనం రాసేది గుర్రం, పాత నిఘంటువుల ఆరోపాలు పుస్తకము, గుర్రము అని ము తో ఉంటాయి. కనుక సున్నను ము గా మార్చి కూడా అడగాలి. శబ్దరత్నాకరంలో వెతికితే ఇంకొక మెట్టుంది, అక్కడ బండి ఱ తో గుఱ్ఱము అని ఉంటుంది. అరసున్నలూ ఉంటాయి. ఒకే మాటను ర తోనూ ఱ తోనూ, అరసున్నతోనూ అది లేకుండానూ అడగాలి. లేదా నిఘంటువునూ మన మాటనూ రెండింటినీ అరసున్నలు తీసి, ఱ ను ర చేసి పోల్చాలి. నేను రెండో పద్ధతే మేలంటాను.

పళ్ళు అన్న మాట చూడండి. దానికి ఏకవచనం ఏది? పండు. కాదు, పన్ను. రెండూ నిజమే. చెట్టున కాసేవి పళ్ళే, నోట్లో ఉండేవి పళ్ళే. కళ్ళుకు కన్ను, కాళ్ళుకు కాలు, ఇళ్ళుకు ఇల్లు, నీళ్ళుకు నీరు. ళ్ళు చూడగానే ఒక్క జవాబు తేల్చే సూత్రం లేదు. స్క్రిప్టు తాను ఒకదాన్ని ఎంచుకోకూడదు. నిఘంటువులో దొరికినవన్నీ చూపించాలి, ఏది కావాలో చదివేవాడు తేల్చుకుంటాడు. అర్థం చెప్పేవాడు చదువరిని నమ్మాలి, ఇది నా గట్టి అభిప్రాయం. అలాగే, ఏ మాటనైనా మొదట ఉన్నది ఉన్నట్టుగా అడగాలి. కాకి చివర కి విభక్తి కాదు, చేను చివర ను విభక్తి కాదు, మాను చివరిదీ కాదు. ముందే కత్తి పట్టుకుంటే కాకి పోయి కా మిగులుతుంది.

సమాసాలు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కూరగాయలు. దండ్రి అని నిఘంటువులో వెతికితే దొరుకుతుందా? అది తండ్రి. గసడదవాదేశం గుర్తుందా? క చ ట త ప లు గ స డ ద వ లయ్యాయి. కనుక మాటను రెండుగా విడదీసినప్పుడు రెండో ముక్క గ స డ ద వ లతో మొదలైతే, వెనక్కి క చ ట త ప చేసి మరొకసారి అడగాలి. ఐదు అక్షరాల మార్పు, ఐదే వరుసల ప్రోగ్రాము.

క్రియల గురించి క్లుప్తంగా చెబుతాను, అదొక సముద్రం. చదువుకుంటున్నాడు అన్న మాటను చివర నుంచి తగ్గిస్తూ వస్తే చదువు దొరుకుతుంది. వచ్చాడు తగ్గుతూ వచ్చ దగ్గరికి వస్తుంది, దానికి కొమ్ము చేరిస్తే వచ్చు. ఇందాక సంకేతాల లెక్కన తగ్గించడం ఉపయోగమన్నది ఇందుకే, మిగిలిన హల్లుకు కొమ్ము ఇచ్చి అడగవచ్చు. చేశాడు నుంచి చేయు, పోయాడు నుంచి పోవు, తిన్నాడు నుంచి తిను రావాలంటే మాత్రం మళ్ళీ పట్టికే. అన్ని క్రియలనూ పట్టించాలని కూర్చుంటే పని ఎప్పటికీ మొదలవదు. రోజూ ఎదురయ్యేవాటితో మొదలుపెట్టండి.

భద్రత గురించి ఒక హెచ్చరిక. మాట ఎక్కడి నుంచి వస్తోంది? ఎవరో తెలియనివారు రాసిన వెబ్ పుట నుంచి వస్తోంది. దాన్ని అలాగే షెల్ ఆదేశంలో, అంటే యంత్రం వెంటనే నడిపే ఆదేశపు వరుసలో, అతికించకూడదు. సెమికోలనో, వెనక్కి వాలిన కొటేషను గుర్తో అందులో ఉంటే మీ యంత్రం చేయరాని పని చేస్తుంది. మాటను ఆదేశంలో కలపకుండా విడి ఆర్గ్యుమెంటుగానే ఇవ్వండి, తెలుగు అక్షరాలూ రోమను అక్షరాలూ హైఫనూ కానివాటిని ముందే తీసివేయండి. మాట హైఫనుతో మొదలైతే దాన్నీ తీసివేయండి, లేకపోతే ఆదేశం దాన్ని మాటగా కాక తనకిచ్చిన ఆప్షనుగా అనుకుంటుంది.

టెర్మినలులో తెలుగు సరిగా కనబడదని కొందరు అంటారు. నిజమే, టెర్మినలు అక్షరాలను సమానమైన గళ్ళలో కూర్చోబెడుతుంది. మన ఒత్తులూ గుణింతాలూ ఆ గళ్ళలో ఇమడవు. ఎంఎల్‌టర్మ్ వంటి టెర్మినలు ఈ విషయంలో కొంత మేలు. వినే విద్యార్థికి ఈ బాధ లేనే లేదు.

చివరగా మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మాటలు. ఎంత కత్తిరించినా, ఎన్ని పట్టికలు పెట్టినా దొరకని మాటలు మిగులుతాయి. వాటిని స్క్రిప్టు పారేయకూడదు, ఒక ఫైలులో తేదీతో రాసి పెట్టాలి. నేను అలా చేశాను. మొదటి వారం ఆ ఫైలులో ఎక్కువభాగం నా పట్టికల తప్పులే. కొత్త ప్రత్యయాలు చేర్చుకున్నాను. తర్వాత మిగిలినవి వేరే రకం. మన పల్లెల కథలు చదువుతుంటే వచ్చే మాటలవి. కయ్య, అంటే వరి మడి. గెనిమ, అంటే మడి గట్టు. చెనిక్కాయలు, అంటే వేరుసెనగ కాయలు. మీ అవ్వ నోట విన్నవే. ఇవి పుస్తకంలో కనబడినప్పుడు హైదరాబాదులో చదివే పిల్లవాడికి ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి. డిక్ట్ సర్వరుతో పాటు డిక్ట్‌ఎఫ్‌ఎంటీ అనే పనిముట్టు వస్తుంది. మాట ఒక వరుసలో, అర్థం కింద రాసిన మామూలు ఫైలు ఇస్తే, అది రెండు ఫైళ్ళు చేసిపెడుతుంది. ఒకదానిలో అర్థాలు, ఇంకొకదానిలో ఏ మాట ఎక్కడుందో చెప్పే సూచిక. యూటీఎఫ్-8 అని చెప్పడం మాత్రం మరవకండి, చెప్పకపోతే సూచికలో తెలుగు వరుస తప్పుతుంది, ఉన్న మాట కూడా లేదంటుంది. ఆ ఫైళ్ళ పేర్లు సర్వరు అమరికలో చేర్చి దాన్ని మళ్ళీ నడిపితే, బ్రౌన్ పక్కనే మీ ఊరి నిఘంటువు కూర్చుంటుంది.

నా ఫైలులో ఇప్పటికి అర్థం రాయవలసిన మాటలు చాలా మిగిలి ఉన్నాయి. అచ్చు వేయించి తెచ్చాను, వెనుక బల్ల మీద ఉన్నాయి. సత్యవేడు, కుప్పం, పీలేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చినవారు తమ ఊళ్ళో ఆ మాటను ఎలా అంటారో, ఏ అర్థంలో అంటారో పక్కన రాసి, ఊరి పేరు కూడా వేయండి. ఎవరి ల్యాప్‌టాపులో డబ్ల్యూ3ఎం ఉందో వారు ముందుకు రండి, ‘చెట్లకింద’తోనే మొదలుపెడదాం.